లోపల చూడని తలుపు

తాళాలు బాగుచేసే మనిషిని ఇంట్లో పెట్టి తాళం వేయడమంత తెలివితక్కువ పని ఇంకోటి లేదు. ఆ సంగతి కూతురికీ తెలుసు. కానీ ఏం చేస్తుంది? బట్టల కొట్టులో ఉద్యోగం మానేస్తే ఇల్లు గడవదు. తలుపు తీసి పెడితే తండ్రి ఇంట్లో ఉండడు. వీధంతా ‘తాళాల తాత’ అని పిలిచే ఆ పెద్దాయనకి వచ్చిన జబ్బుకి డాక్టరు అల్జీమర్స్ అని పేరు చెప్పాడు గానీ, నయమయ్యే మందు చెప్పలేదు.

పొద్దున్న తిన్నది గుర్తుండదు గానీ, చిన్నప్పటి ఒక సాయంత్రం మాత్రం ఆయనకి కళ్ళకు కట్టినట్టుంటుంది. దాగుడుమూతల్లో చెల్లెల్ని కట్టెల గదిలో దాచి, బయట గడియ పెట్టి, ఎవరో పిలిస్తే పోయి మర్చిపోయాడు. చీకటి పడ్డాక పెద్దవాళ్ళు వెతికి తీశారు. పిల్లకేమీ కాలేదు. అయిందల్లా పిల్లాడికే. ఇప్పుడు పొద్దు వాలితే చాలు, “చెల్లిని తీశారా?” అంటూ ఇల్లంతా తిరుగుతాడు. ఆ చెల్లెలే ఫోనులో మాట్లాడినా నమ్మడు. “ఇదెవరో ముసలమ్మ,” అని పెట్టేస్తాడు.

ఆ మధ్యాహ్నం ఎదురింటి టీచరు కొట్టుకి ఫోను చేసింది. “కిటికీలోంచి ఎంత పిలిచినా మీ నాన్నగారు పలకడం లేదమ్మా.”

కూతురికి పైప్రాణాలు పైనే పోయాయి. ఆటోలో వచ్చి చూస్తే వీధి తలుపుకి వేసిన తాళం వేసినట్టే ఉంది. హమ్మయ్య అనుకుని లోపలికి వెళ్ళింది. మంచం మీద దుప్పటి కుప్పగా ఉంది. దాని కింద మనిషి లేడు. పొద్దున్న బస్సు పోతుందన్న కంగారులో ఆ దుప్పటినే చూసి, పడుకున్నాడులే అనుకుంది.

ఇంకెవరైనా అయితే ముందు ఇల్లంతా గాలించేవారు. ఈమె తాళాల తాత కూతురాయె! రెండు వైపులా తాళంచెవి పట్టే కొత్త తాళమైతే మాత్రం, ఆయనకో లెక్కా? తలపిన్ను చాలు. పైగా తీసిన తాళం మళ్ళీ వేసి చూపించందే ఆయన ఏ ఇంటి గుమ్మమూ దిగి ఎరగడు. అలవాటు కొద్దీ వేసేసి వెళ్ళాడనుకుంది. గొంతెత్తి పిలుస్తూ వంటిల్లు, స్నానాల గది తొంగి చూసి వీధిన పడింది.

మందుల షాపు, బస్టాపు, ఆయన పాత కొట్టున్న సందు. ఎక్కడా లేడు. ఎండ మాడ్చేస్తోంది. నీళ్ళు తాగాడో లేదో. రోడ్డు దాటడం గుర్తుందో లేదో. లారీ బ్రేకు చప్పుడు వినబడినప్పుడల్లా ఆమె గిరుక్కున వెనక్కి తిరిగి చూసింది. చివరికి మేనత్తకి ఫోను చేసింది.

“అత్తా, నాన్న కనిపించడం లేదు!”

“ఇంట్లో సరిగ్గా చూశావటే?”

“గొంతు పోయేలా పిలిచాను. పలికితేగా!”

“ఆ రోజు కట్టెల గదిలో నేనూ పలకలేదే. అరిస్తే అన్నయ్య వీపు చిట్లగొడతారని నోరు మూసుకుని కూర్చున్నా. గదులన్నీ తీశావా?”

సామాన్ల గది! ఆకురాయితో చెయ్యి కోసుకున్నాడని ఆయన పనిముట్లన్నీ అందులోనే దాచింది. పొద్దున్న గొడుగు కోసం తీసి, అలాగే వదిలేసి, బయల్దేరే ముందు తలుపు లాగి, లోపలికి చూడకుండానే తాళంకప్ప నొక్కేసింది.

వెనక్కి పరుగెత్తింది. తలుపు తీసేసరికి, పనిముట్ల పెట్టె పక్కన గోడకి ఆనుకుని తండ్రి కూర్చునున్నాడు. చొక్కా చెమటకి తడిసి ముద్దయింది. పెదాలు ఎండిపోయాయి. కళ్ళు మాత్రం తెరిచే ఉన్నాయి.

“అరవచ్చుగా నాన్నా! తలుపు కొట్టచ్చుగా!” నీళ్ళు పట్టిస్తూ ఆమె బావురుమంది.

ఆయన ఆమె ముఖంలోకి చూశాడు. కూతురని పోల్చుకోలేదు. ఎవరో పిల్ల భయపడి ఏడుస్తోందని మాత్రం తెలిసినట్టుంది. గ్రీజు అంటిన చేత్తో తల నిమిరాడు.

“ఏడవకు. మర్చిపోయావు, అంతేగా?” అన్నాడు గొంతు తగ్గించి. “గడియ పెట్టింది నువ్వేనని నేనెవరికీ చెప్పనులే.”