చేతికందే గోడ

మేస్త్రికి మొక్కలంటే గిట్టదు. జీవితమంతా గోడలు కట్టినవాడు. వేళ్లు దూరి బీటలిచ్చిన గోడల్ని చూసి చూసి విసిగిపోయినవాడు. అలాంటివాడి ఇంటికి, రాసిపెట్టినట్టు, నర్సరీలో పనిచేసే అమ్మాయే కోడలిగా వచ్చింది. వచ్చిన కొన్నాళ్లకే పెరడు సగం కుండీలతో నిండిపోయింది. ఇక మామాకోడళ్లకు రోజూ ఏదో ఒక పేచీ.

ఈసారి పేచీ మాత్రం ఆషామాషీది కాదు. మేస్త్రి భార్యకు చూపు తగ్గుతూ తగ్గుతూ వెలుగూ నీడా తప్ప ఏమీ తెలియకుండా పోయింది. వానలో పెరట్లో కాలు జారి పడ్డాక ఆవిడ గడప దాటడమే మానేసింది. పొద్దస్తమానం వంటింటి కిటికీ పక్కన కుర్చీలోనే. ఒకప్పుడు నోరు మూతపడని మనిషి, ఇప్పుడు పలకరిస్తేనే పలుకుతోంది. అది చూడలేక మేస్త్రి ఒక నిర్ణయానికొచ్చాడు.

"పెరడంతా సిమెంటు పోసేస్తా. నీ మొక్కలన్నీ తీసెయ్. ఇక జారేదుండదు, తట్టుకునేదుండదు" అన్నాడు కోడలితో.

"పోయండి మావయ్యా. మరి బయటికొచ్చి అత్తయ్య ఏం చేస్తుంది? సిమెంటు వాసన చూస్తూ కూర్చుంటుందా?"

మేస్త్రికి చిర్రెత్తుకొచ్చింది.

కోడలు పుల్లతో మట్టిలో గీసి చూపించింది. వంటింటి గుమ్మం నుంచి పెరటి చివర బల్ల దాకా గరుకు రాళ్ల బాట. దాని పక్కనే పట్టుకుని నడవడానికి ఒక పొట్టి గోడ. గోడ పైభాగాన తొట్టిలా ఖాళీ వదిలితే అందులో మట్టి పోసి మొక్కలు పెడుతుంది. గుమ్మం దగ్గర పుదీనా, మలుపులో నిమ్మగడ్డి, బల్ల దగ్గర మరువం. ఆకు నిమిరితే చాలు, ఎక్కడున్నారో వాసనే చెబుతుంది.

"గోడ నెత్తిన మట్టా? నీరు దిగి గోడ పాడైపోదూ?"

"నీరు బయటికి పోయే దారి పెట్టడం మీకు రాదా ఏంటి?"

ఆ మాట సూటిగా పౌరుషానికి తగిలింది. మర్నాడే పని మొదలుపెట్టాడు.

చిన్న పనులకు మేస్త్రి టేపు తీయడు. తన మూరే మూర, తన అడుగే అడుగు. గోడ ఎత్తు చూడాల్సి వచ్చినప్పుడూ అంతే. నిటారుగా నిలబడి చెయ్యి కిందికి వదిలాడు. అరచెయ్యి ఎక్కడికొస్తే అక్కడికి గోడ.

"ఏం చప్పుడయ్యా అది?" అని లోపలినుంచి భార్య అడిగితే, "అయ్యాక చూద్దువుగానిలే" అనేసి, నాలుక కరుచుకున్నాడు.

అంతా అయ్యాక కోడలు ఆవిడను గుమ్మం దాకా నడిపించింది. పాపం, ఆవిడ గోడ కోసం చెయ్యి చాచి తడిమింది. అంచు దొరికింది. పుదీనా ఆకు నలిపి వాసన చూసి నవ్వింది. మేస్త్రి మీసం దువ్వుకున్నాడు. ఆవిడ మలుపు దాకా వెళ్లింది. అక్కణ్ణుంచే వెనక్కి తిరిగింది.

"బాగుందయ్యా. రేపు బల్ల దాకా వెళ్తాలే."

ఆ రేపు రాలేదు. ఎల్లుండీ రాలేదు. ఇంత చేస్తే ఈవిడకు పట్టదేంటని మేస్త్రి లోలోపల ఉడికిపోయాడు. అడిగేద్దామని వంటింటి వైపు వెళ్తే లోపల మాటలు వినిపించాయి. కోడలు అత్తగారి భుజానికి నూనె రాస్తోంది.

"చెయ్యి ఎత్తి పట్టుకోవాలి కదమ్మా, రెక్క లాగేస్తోంది. మీ మావయ్యతో అనకు. ఎంతో ఇష్టంగా కట్టాడు."

మేస్త్రి అక్కడే నిలబడిపోయాడు. భార్య తన భుజం దాకా కూడా రాదు. ఇన్నేళ్లు పక్కన నడిచిన మనిషి. ఆవిడ చెయ్యి ఎక్కడి దాకా వస్తుందో ఒక్కసారైనా చూసుకోలేదే అనిపించి సిగ్గుతో తల వంగిపోయింది.

లోపలికి వెళ్లాడు. "లేచి నిలబడు. చెయ్యి కిందికి వదులు."

"ఎందుకయ్యా?"

"కొలవాలి."

ఆవిడ అరచేతి నుంచి నేల దాకా దారం పట్టుకుని ముడి వేశాడు. ఆవిడకు నవ్వాగలేదు. "ఇన్నాళ్లకా కొలిచేది" అంది.

మేస్త్రి సుత్తీ ఉలీ తీశాడు. గోడకు మొదటి దెబ్బ వేయబోయి ఆగాడు. ముందు పుదీనాను వేళ్లు తెగకుండా మట్టితో సహా రెండు చేతులా ఎత్తి నీడలో పెట్టాడు. కోడలు చూసీ చూడనట్టు ఊరుకుంది.

గోడ దిగింది. మొక్కలు మళ్లీ కుదురుకున్నాయి. ఆవిడ వాసనలు చెప్పుకుంటూ బయలుదేరింది. పుదీనా అయింది, నిమ్మగడ్డి అయింది. మలుపు దాటాక ఆగి, వెనక వస్తున్న మొగుణ్ణి అడిగింది.

"మరీ కిందికి దింపేశావేమో. నీకు అందుతోందా?"

మేస్త్రి నడుం వంచి గోడ అంచు మీద చెయ్యి పెట్టాడు.

"బాగా అందుతోంది. నువ్వు నడువు" అన్నాడు.