ఎనిమిది రావాల్సిన చోట ఐదున్నర

కెమిస్ట్రీ లెక్చరర్ పద్మారాణికి కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. ఆ రోజు ల్యాబ్‌లో ఆమె మాట పక్క బల్లకు కూడా వినపడలేదు.

"రెబెక్కా, ఎనిమిది రావాలె గదా. నీకు ఐదున్నర ఎట్ల వచ్చింది?"

"మూడుసార్లు చేసిన మేడమ్. మూడుసార్లు గంతే."

రెబెక్కది ధారూర్. వికారాబాద్‌లో ఎమ్మెస్సీ రెండో ఏడాది చదువుతోంది. ప్రాజెక్టు చిన్నదే. షాంపూల్లో వేసే సోడియం లారిల్ సల్ఫేట్‌ను నీళ్లలో కొద్దికొద్దిగా పెంచుతూ పోవాలి. ఒక మోతాదు దగ్గర దాని అణువులు గుంపుకట్టి మైసెల్స్ అవుతాయి. అవి కంటికి ఆనవు కాబట్టి నీళ్లలో ముందే రవ్వంత పైరీన్ అనే వెలుగునిచ్చే పదార్థం కలుపుతారు. పైరీన్‌కు నీళ్లంటే గిట్టదు. మైసెల్ దొరికిందా, అందులో దూరి కూర్చుంటుంది, దాని వెలుగు తీరు మారుతుంది. హైదరాబాదు యూనివర్సిటీ వాళ్లు పాతదైందని దయతలచి ఇచ్చేసిన ఫ్లోరిమీటర్ ఆ మార్పును పట్టుకుంటుంది. గ్రాఫులో గీత ఎక్కడ వంగితే అదే జవాబు. పుస్తకం ప్రకారం అది లీటరుకు ఎనిమిది మిల్లీమోల్.

ఆ కాలేజీలో ఒక పద్ధతి ఉంది. ఎవరూ చెప్పరు, అందరూ నేర్చుకుంటారు. ముందు పుస్తకం చూసి, గీత వంగాల్సిన చోట పెన్సిలుతో చుక్క పెట్టుకుంటారు. మిగతా చుక్కలను బుజ్జగించి దాని దారికి తెస్తారు. రెబెక్క ఆ చుక్క పెట్టకుండానే మొదలుపెట్టింది. తెలివితక్కువతనం, నిజాయితీ మొదట్లో ఒకేలా కనిపిస్తాయి మరి.

"జరుగు, నేను సూపిస్త," అని పద్మారాణి తనే కూర్చుంది. ఆమె పీహెచ్‌డీ కూడా ఈ ల్యాబ్‌లోనే, ఈ మైసెల్స్ మీదే. వచ్చే నెల వైవా. అది అయిపోతే ఇన్నేళ్ల కాంట్రాక్టు ఉద్యోగం నుంచి బయటపడొచ్చు. గంటన్నర పట్టింది. గీత ఐదున్నర దగ్గరే వంగింది.

"నీళ్లు ఏడివి?"

"జంగప్ప తెచ్చిన క్యాన్‌లయే మేడమ్."

ల్యాబ్ అటెండర్ జంగప్ప తాండూరు నుంచి రోజూ రైల్లో వస్తాడు. కాలేజీ డిస్టిలేషన్ యంత్రం కాలిపోయిన దగ్గర్నుంచి, ఆరేళ్లుగా, అక్కడి బ్యాటరీ దుకాణంలో డిస్టిల్డ్ వాటర్ క్యాన్ నింపించుకుని ఆయనే మోసుకొస్తున్నాడు. పద్మారాణి ఆ నీళ్లు కొన్ని ఫ్లాస్కులో పోసి, బఫర్ ద్రావణమూ, సున్నం ఉంటే పట్టిచ్చే నల్లటి సూచికా వేసింది. శుద్ధమైన నీళ్లయితే నీలంగా ఉండాలి. ఎర్రబడ్డాయి. తాండూరు బండల కింది సున్నమంతా అందులోనే ఉన్నట్టుంది.

"గిట్లెట్ల అయితది?" జంగప్ప నొచ్చుకున్నాడు. "దుకాణం దేవప్ప నా కండ్ల ముందలే బోరు నీళ్లు గుడ్డల వడవోసి మస్తు మరగవెడ్తడు. సల్లారినంకనే తెస్త."

ఆవిరిని పట్టి చల్లార్చాలని ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఎవరినని ఏం లాభం? మరిగిస్తే చాలనుకున్నాడు, శ్రద్ధగా మరిగించిన నీళ్లే తెచ్చాడు.

రెబెక్క మొహం వెలిగింది. "సున్నం ఉంటే మైసెల్స్ జల్ది కడ్తయి. అయితే నాది కరెక్టే గద మేడమ్?"

"కరెక్టే. ఐదున్నరే రాయి. నీళ్ల సంగతి గూడ రాయి."

పిల్ల రికార్డు తెరిచి, పెన్ను పట్టుకుని ఆగింది. వెటకారం లేదు, తెలుసుకోవాలనే అడిగింది.

"మీ థీసిస్‌కు గూడ గివే నీళ్లు గద మేడమ్. మీకెంత వచ్చింది?"

జంగప్ప కూడా అటే చూస్తున్నాడు. ఒక అబద్ధం పద్మారాణి నోటిదాకా వచ్చింది.

"ఐదున్నర," అంది. "ఎనిమిదని రాసిన."

తర్వాత ఫోన్ తీసి, వైవా ఆపమని చెప్పడానికి తన గైడు నంబరు నొక్కింది.