ముందు చక్రాలు

మాచర్ల ఊరి చివర రసూల్ షెడ్డులో ఆ లారీ ఉన్నన్నాళ్ళూ దాన్ని చూసి నవ్వనివాడు లేడు. మిలిటరీవాళ్ళు వాడి వాడి వేలానికి వదిలేసిన పాత బండి అది. వెనక చక్రాలతో పాటు ముందు చక్రాలు కూడా లాగే రకం. తుప్పుపట్టి వచ్చినదాన్ని రసూల్ తీరిక దొరికినప్పుడల్లా విప్పుతూ, బిగిస్తూ, దొరకని సామాను కోసం ఊళ్ళు తిరుగుతూ ఏళ్ళ తరబడి బాగుచేశాడు. వెనక బాడీ తీసేసి, రాళ్ళు పేర్చడానికి వీలుగా చదునుగా చెక్కబల్ల పరిపించాడు. తీరా పనిలోకి దింపుదామనుకునే వేళకు గుండె ఆగి పోయాడు.

అతని భార్య కరీమున్నీసా బండి అమ్ముతుందని విని ఫ్రాన్సిస్ వెళ్ళాడు. అతనిది గురజాల దగ్గర పల్లె. అద్దె ట్రాక్టరుతో క్వారీల నుంచి నాపరాళ్ళు తోలేవాడు. వాన పడిందంటే క్వారీ గుంతలోంచి పైకొచ్చే బాట మీద ట్రాక్టరు జారిపోయేది, పని ఆగిపోయేది. ఈ బండి చేతికొస్తే ఆ బాధ తీరుతుందని ఇంజను చప్పుడు వినగానే అతనికి తెలిసిపోయింది. ఆమె అడిగిన ధర కూడా న్యాయంగానే ఉంది. న్యాయంగా ఉన్నదాన్నే ఇంకా తగ్గించాలని అతనికి బుద్ధి పుట్టింది.

నడిపి చూస్తానన్నాడు. కరీమున్నీసా తన తమ్ముడు అన్సార్‌ను తోడు పంపింది. అన్సార్ దర్జీ. బండ్ల సంగతి అతనికేమీ తెలియదు. ఫ్రాన్సిస్ లారీని వాగు పక్క నల్లరేగడి బురదలోకి పోనిచ్చాడు. ముందు చక్రాలకు పట్టు ఇచ్చే చిన్న రాడ్డు గేరు రాడ్డు పక్కనే ఉంది. దాన్ని అతను ముట్టుకోలేదు. వెనక చక్రాలు ఉన్నచోటే తిరిగి బురద ఎగజిమ్మాయి.

"అన్సారూ, దిగి వెనక నుంచి కాస్త నెట్టయ్యా" అన్నాడు.

అన్సార్ చెప్పులు విప్పి, లుంగీ ఎగగట్టి దిగాడు. అతను వెనక్కి వెళ్ళగానే ఫ్రాన్సిస్ ఆ రాడ్డు వేశాడు. బండి అవలీలగా ఒడ్డెక్కింది. తన బలంతోనే కదిలిందనుకుని, ఒళ్ళంతా బురదతో అన్సార్ రొప్పుతూ వచ్చి ఎక్కాడు. ఎక్కేలోపే రాడ్డు యథాస్థానానికి వచ్చేసింది.

షెడ్డు దగ్గర కరీమున్నీసా గుమ్మంలోనే నిలబడి ఉంది.

"ముందు చక్రాలు లాగట్లేదక్కా. మీ తమ్ముణ్ణే అడుగు, నెడితేగాని బయటపళ్ళేదు. బాగుచెయ్యబోయి చెడగొట్టాడు మీ ఆయన."

"చానా కష్టపడ్డాడు తమ్ముడూ దాని మీద" అందామె మెల్లగా.

"కష్టపడితే సరిపోద్దా? పని తెలియాల గదా."

ఆ మాట అవసరం లేదు. అప్పటికే ఆమె ముఖం వాడిపోయింది, ధర ఎలాగూ దిగేది. అయినా అనేశాడు. ఆమె మరి బేరమాడలేదు, అతనన్న ధరకే ఇచ్చేసింది.

బండి వచ్చాక ఫ్రాన్సిస్ దశ తిరిగింది. వానలో కూడా రాళ్ళు దించుతున్నాడని రాళ్ళ వ్యాపారి పుల్లారావు లోడ్లన్నీ అతనికే ఇవ్వసాగాడు. దించిన రాళ్ళ గురించి ఫ్రాన్సిస్ ఎంత చెబితే అంతే, మళ్ళీ చూసుకునేవాడు కాదు. ఆదివారం ఆరాధనలో ఫ్రాన్సిస్ భార్య సలోమి లేచి నిలబడి, దేవుడు తమకు మంచి బండిని చవకగా ఇప్పించాడని సాక్ష్యం చెప్పింది. అందరూ స్తోత్రం అన్నారు. ఫ్రాన్సిస్ తల వంచుకుని, చొక్కా గుండీ ఊడిపోతున్నట్టు దాన్నే సర్దుకుంటూ కూర్చున్నాడు. ఇంటికొచ్చాక కూడా ఆమెతో ఆ మాట ఎత్తలేదు.

ఒక ముసురు రోజు మధ్యాహ్నం, ఖాళీ బండితో వస్తుంటే వాగు దాటే చోట ఒక ఆటో దిగబడి కనిపించింది. లోపల ఆడవాళ్ళు, పసిపిల్లలు ఉన్నారు. నీళ్ళు పెరుగుతున్నాయి. ఆటోలోంచి దిగి మోకాటిలోతు నీళ్ళలో నిలబడి చేతులూపుతున్న మనిషి అన్సార్.

ఫ్రాన్సిస్‌కు ఒక్క క్షణం బండి తిప్పుకుని పోదామనిపించింది. అలా అనిపించినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. దిగి గొలుసు కట్టాడు. అన్సార్ సంతోషంగా వచ్చి పక్క సీట్లో కూర్చున్నాడు.

"నెట్టమంటావా అన్నా? దీని సంగతి నాకు తెలుసుగా" అని నవ్వాడు.

ఫ్రాన్సిస్ నీళ్ళ వంక చూశాడు, చెయ్యి చాపి చిన్న రాడ్డు వేశాడు. ముందు చక్రాలు నేలను కరుచుకున్నాయి. ఆటో వెనకే కదిలి గట్టెక్కింది. పిల్లలు కేరింతలు కొట్టారు.

అన్సార్ నవ్వు ఎప్పుడో ఆగిపోయింది. రాడ్డు వంకే చూస్తున్నాడు.

"ఆ రోజు దీన్ని ముట్టుకోలేదు గదన్నా నువ్వు."

వైపరు అటూ ఇటూ కొట్టుకుంటోంది. ఫ్రాన్సిస్ రాడ్డు మీంచి చెయ్యి తీశాడు.

"నన్ను బురదలో దింపావు. పోనీలే. మా అక్కకు ఏం చెప్పావో గుర్తుందా?"

"ఆ రోజు తగ్గించిన మిగతా డబ్బు ఇచ్చేస్తా అన్సారూ."

"అది ఎట్టాగూ ఇయ్యాల. ముందు పొయ్యి ఆమెకు చెప్పు. నేను చెప్పను. నువ్వే చెప్పాల."

మర్నాడు పొద్దున్నే ఫ్రాన్సిస్ మాచర్ల వెళ్ళాడు. షెడ్డు ఖాళీగా ఉంది. గోడ మీద నట్లు బిగించే పానాలు తగిలించే మేకులు మాత్రం వరసగా ఉన్నాయి. కరీమున్నీసా బియ్యం చెరుగుతోంది. అతను నిలబడే చెప్పాడు, ఏదీ దాచుకోకుండా. చేట ఆగిపోయింది.

"చూపించు" అందామె.

ఆమెను ఎక్కించుకుని అదే వాగు పక్కకు తీసుకెళ్ళాడు. మొదట రాడ్డు వెయ్యకుండా, తర్వాత వేసి నడిపి చూపించాడు. బండి ఒడ్డెక్కి ఆగాక ఆమె అద్దంలోంచి ముందుకే చూస్తూ కూర్చుంది.

"జనం నవ్వితే నేను వాళ్ళతో తగవుపడేదాన్ని" అంది. "నువ్వు చెప్పినాక నేనే మానుకున్నా. ఈయనకు నిజంగానే పని రాదేమో, వాళ్ళే సరిగ్గా అన్నారేమో అనుకున్నా. ఆయన పానాలన్నీ పాత ఇనప సామానోడికి తూకానికి ఏశా. ఇంట్లో వాటిని చూడలేక."

ఫ్రాన్సిస్ స్టీరింగు మీంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఎక్కడ పెట్టుకోవాలో తెలియక.

"వాటిని వెతికి తెస్తానక్కా."

"ఈపాటికి కరిగిపొయ్యుంటాయి" అందామె. ఏడవలేదు. "షెడ్డు ఎదురుగ్గా టీ కొట్టు ఉందిగా. ఆయన్ని ఎక్కిరించినోళ్ళందరూ ఆడనే కూచుంటారు. నాకు చెప్పిందే ఆళ్ళకు చెప్పు. నేను ఇనాల."

టీ కొట్టు దగ్గర బండి ఆపాడు. బెంచీల మీద మెకానిక్కులు, డ్రైవర్లు ఉన్నారు. వాళ్ళ మధ్యలో, రాళ్ళ పని మీద వచ్చిన పుల్లారావు కూడా ఉన్నాడు. అతన్ని చూడగానే ఫ్రాన్సిస్ కాళ్ళు ఆగాయి. వెనక కరీమున్నీసా బండి దిగి, కొంగు తల మీదికి లాక్కుని నిలబడింది.

చెప్పాడు. వెనక బెంచీవాళ్ళకు వినపడకపోతే మళ్ళీ మొదలుపెట్టి చెప్పాడు. రసూల్ చేతిపనిలో రవ్వంత లోపం లేదన్నాడు. తాను అబద్ధమాడి కొన్నానన్నాడు. ఎవరూ తిట్టలేదు. ఒకాయన టీ గ్లాసు కింద పెట్టి, "రసూల్ అంత పనోడా" అన్నాడు, అంతే. కరీమున్నీసా ఆ మాట విని వెనుదిరిగి ఇంట్లోకి వెళ్ళిపోయింది. మిగతా డబ్బు అన్సార్ తీసుకున్నాడు. ఆ గుమ్మం ముందుకు మళ్ళీ రావద్దని అతనే చెప్పాడు, నెమ్మదిగానే.

పుల్లారావు లోడ్లు ఆపలేదు. వానలో క్వారీ బాట ఎక్కే బండి ఇంకొకటి లేదు. కానీ ఆ వారం రాళ్ళు దించే చోటికి తనే వచ్చాడు. ఒక్కో వరసా చేత్తో తడిమి, పగుళ్ళున్నాయేమోనని వంగి చూడటం మొదలుపెట్టాడు.

"ఏమనుకోబాక ఫ్రాన్సిస్" అన్నాడు.

"చూసుకోండి" అన్నాడు ఫ్రాన్సిస్. ఆయన చూడటం పూర్తయ్యేదాకా, కూలీలందరి ముందూ పక్కకు జరిగి ఎండలో నిలబడ్డాడు.