బుధవారం నాటి చిటికెడు

తబిత ఆ ఇంటికి కోడలుగా వచ్చి ఏడేళ్లయింది. ఏడేళ్లుగా రోట్లో బెరడు దంచుతూనే ఉంది. కలిపే పని మాత్రం అత్తగారు కెజియాదే.

బేబెర్రీ బెరడు, పైను బెరడు, శొంఠి, లవంగం, ఎర్ర మిరప. ఈ ఐదూ కలిస్తే కాంపోజిషన్ పొడి. లాంకషైర్ మిల్లు వీధుల్లో ఎవరికి చలి పట్టినా, కడుపు పట్టేసినా, కప్పు పట్టుకుని కెజియా గుమ్మం ముందు నిలబడేవారు. పొడిని వేడినీళ్లలో వేసి, పాలూ పంచదారా కలిపి తాగితే అరికాళ్ల దాకా వెచ్చబడేది. వీధి చివర చిన్న చర్చిలో, చాపెల్లో, సారా ముట్టమని ఒట్టేసిన జనానికి అంతకు మించిన వేడి మరొకటి లేదు.

కెజియా తూకం వేసేది కాదు. అరచేతిలో చిటికెడు పోసుకుని, నాలిక్కి అద్దుకుని, కళ్లు మూసుకుని ఏది తక్కువో, ఏది ఎక్కువో చెప్పేది.

"నన్నోసారి కలపనివ్వండి అత్తయ్యా," అని తబిత అడిగినప్పుడల్లా ఒకటే జవాబు.

"మీ ఊళ్లో టీ పేరుతో వెలిసిపోయిన నీళ్లు తాగి పెరిగిన నాలుకమ్మా నీది. దానికేం తెలుస్తుంది? దంచు, దంచు."

నవ్వుతూనే అనేది. కానీ గుమ్మం దగ్గర ఎవరో ఒకరు ఉన్నప్పుడే అనేది.

ఆ చలికాలం కెజియాకి ఫ్లూ జ్వరం వచ్చి తగ్గింది. తర్వాత బంగాళాదుంపలు పెట్టి కాల్చే పై రొట్టెలో రెండుసార్లు ఉప్పు వేసింది. పొయ్యి మీద పాలు మాడుతుంటే పక్కనే కూర్చుని మేజోడు అల్లుకుంది. తబిత గమనించింది. భర్త జోయెల్‌తో కూడా అనలేదు.

పెంతెకొస్తు వారంలో చాపెల్ ఊరేగింపు శుక్రవారం. బుధవారం నాడు దానికోసం పెద్ద డబ్బా నిండా పొడి కలపడానికి కూర్చున్నారు. కెజియా నాలిక్కి అద్దుకుని మొహం చిట్లించింది.

"మిరప చచ్చుగా ఉందేమిటే ఈసారి?"

ఓ చెంచా వేసింది. మళ్లీ చూసింది. ఇంకో చెంచా. మూడోది. అప్పుడు, ఏడేళ్లలో మొదటిసారి, అరచెయ్యి కోడలి ముందుకి చాచింది.

"ఏదీ, నువ్వు చూడు."

తబిత అద్దుకుంది. నాలుక భగ్గుమంది. కళ్లలో నీళ్లు తిరిగితే, బొగ్గు పొగ వంకతో కిటికీ వైపు తిరిగింది. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, ఈవిడ కలిపింది తప్పని వీధంతా చూడనీ అనుకుంది.

"సరిగ్గా సరిపోయింది అత్తయ్యా."

శుక్రవారం ఊరేగింపు సగంలో ఉండగానే వాన దంచేసింది. జెండా తడిసి కర్రకి చుట్టుకుపోయింది. తెల్లగౌన్లలో పిల్లలు పళ్లు టకటకలాడిస్తూ చాపెల్ హాల్లోకి పరుగెత్తారు. కెజియా నల్ల టోపీ సవరించుకుని, ఆవిర్లు కక్కే కషాయాన్ని కప్పుల్లో పోసింది.

ముందు పాస్టరుగారు తాగారు. ఆయన మెడ ఎర్రబడింది. "అమోఘం కెజియమ్మా," అని బొంగురు గొంతుతో అని, కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డారు. పెద్దవాళ్లు దగ్గుని దిగమింగుకున్నారు. పురిటి మంచం దగ్గర ఆమె చేతి కషాయం తాగని ఆడది ఆ హాల్లో లేదు. కానీ పక్కింటి సెలీనా కూతురు నాలుగేళ్లది. కప్పు వదిలేసి కెవ్వుమంది.

"అమ్మా, నోరు! నోరు!"

"వచ్చే ఆదివారం నరకం గురించి ప్రసంగం అక్కర్లేదు పాస్టరుగారూ, అందరం చూసేశాం," అన్నాడు మిల్లు మేస్త్రీ ఏబెల్. హాలంతా గొల్లుమంది.

కెజియా తన కప్పు ఎత్తి ఓ గుక్క తాగింది. "ఏముందని? ఎప్పటిలాగే ఉంది," అంది. మొండితనమనుకున్నారు అందరూ. సెలీనా పిల్ల నోట్లో వెన్న రాస్తూ కోపంగా ఇటు తిరిగింది.

"నువ్వయినా రుచి చూడొద్దుటే తబితా?"

కెజియా కోడలి వైపే చూస్తోంది.

"అత్తయ్య నన్నెప్పుడు చూడనిచ్చారు వదినా?" అంది తబిత.

ఆ మాట తన నోట్లోంచే వచ్చిందంటే తనకే నమ్మబుద్ధి కాలేదు. కెజియా ఒక్కొక్క కప్పూ తీసి బకెట్లో ఒంపింది.

నాలుగు రోజులు గుమ్మం తొక్కినవాళ్లు లేరు. ఇంట్లో కెజియా మామూలుగానే మాట్లాడింది: నీళ్లు పెట్టావా, జోయెల్ చొక్కా ఆరిందా. ఆ ఒక్క మాటా ఎత్తలేదు.

మంగళవారం చాపెల్లో ఆడవాళ్ల కూడిక; అత్తాకోడళ్లిద్దరూ వెళ్లారు. ఆ వారం తన ఆత్మ ఎలా ఉందో ఒక్కొక్కరూ లేచి చెప్పాలి. తన వంతు వచ్చేసరికి తబిత బల్ల అంచు పట్టుకుని లేచింది.

"నేను అబద్ధమాడాను. బుధవారం నేను రుచి చూశాను. మండిపోయింది. బాగుందని చెప్పాను. జ్వరం తర్వాత అత్తయ్యకి రుచి తెలియడంలేదని నాకు ముందే తెలుసు."

ఎవరో "దేవుడు క్షమిస్తాడులే తల్లీ" అన్నారు. తబితకి గుండె మీంచి బరువు దిగినట్టయింది.

ఇంటికి నడుస్తుండగా, వీధి మలుపులో కెజియా ఆగింది.

"నీకు హాయిగా ఉందా ఇప్పుడు?"

"అత్తయ్యా..."

"నా నాలుక పోయిందని నాకు నేనే ఇంకా చెప్పుకోలేదే. నువ్వు పన్నెండుమందికి చెప్పేశావు." గొంతు పెంచలేదు. "నాకు చెప్పుండాల్సింది. బుధవారం. ఇద్దరమే ఉన్నాం కదా."

తబిత రాళ్ల బాటలో నిలిచిన వాననీళ్ల వైపు చూస్తూ ఉండిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం సెలీనా కప్పు పట్టుకుని, దగ్గుతూ గుమ్మంలోకి వచ్చింది. కెజియా పాత పొడి పారబోసి కొత్తది కలిపింది. చిటికెడు అరచేతిలో పోసుకుంది. అలవాటుగా నోటిదాకా తీసుకెళ్లి, ఆపి, సెలీనా చూస్తుండగానే ఆ చెయ్యి కోడలి వైపు చాచింది.

తబిత తల వంచి, ఆ అరచేతిలోంచే రుచి చూసింది.

"మిరప ఎక్కువైంది అత్తయ్యా," అంది, మెల్లిగా, ఆవిడకి మాత్రమే వినపడేలా.