బేరిచెట్ల కింద నీళ్ల చప్పుడు

నీళ్ల చప్పుడు.

పాదులోకి నీళ్లు పడుతున్న చప్పుడు... మెత్తగా, గుడగుడమంటూ, మట్టి తాగుతున్న చప్పుడు.

ఆ ఇంట్లో పొద్దున్నే కాఫీ కంటే ముందు వినిపించాల్సింది అదే. ముందు వరండాలో పడకకుర్చీలో కళ్లు మూసుకుని నరసింహమూర్తిగారు దానికోసం చెవి ఒగ్గి ఉంటారు. వెనక పెరట్లో పైపు పట్టుకుని ఆయన కోడలు కిరణ్మయి నిలబడి ఉంటుంది. ఆయన చెవికీ ఆమె చేతికీ మధ్య ఇల్లంతా ఉంది. అయినా చప్పుడు కాస్త ఆగితే చాలు, ఆయనకు తెలిసిపోతుంది.

"ఏమ్మా, రెండో చెట్టుకి పెట్టావా?"

పెట్టానండీ.

రోజూ అదే ప్రశ్న. రోజూ అదే జవాబు.

రెండు చెట్లు. రెండూ బేరిచెట్లే.

మాదాపూర్‌లో బేరిచెట్లేమిటని నవ్వనివాళ్లు లేరు. బండలూ తుమ్మలూ సీతాఫలం పొదలూ తప్ప ఏమీ లేని రోజుల్లో ఇక్కడ స్థలం కొన్నందుకే కూకట్‌పల్లి చుట్టాలు నవ్వారు. ఆ స్థలంలో ఇల్లు కట్టి, పెరట్లో బేరిమొక్కలు నాటేసరికి నవ్వడం మానేసి జాలిపడ్డారు. పెద్దాయనకి ఏదో అయిందన్నారు.

ఆయనకేం కాలేదు. ఉద్యానశాఖలో చేసి రిటైరైన మనిషి, తెలియక నాటలేదు. బేరి చలిదేశపు చెట్టు. చలికి ఆకు రాల్చి నిద్రపోతుంది, లేచి పూస్తుంది. ఈ ఊళ్లో చలి వచ్చినట్టే వచ్చి, బీరువాలోంచి స్వెట్టర్లు తీసేలోగా వెళ్లిపోతుంది. చెట్టుకి నిద్ర పట్టదు. నిద్ర పట్టని చెట్టు పూయదు. ఇదంతా ఆయనే అందరికీ చెప్పేవారు.

అయినా నాటారు. భార్య కోసం నాటారు.

వీరలక్ష్మిగారు ఎప్పుడో ఊటీలో ఒక బేరిపండు తిన్నారు. మెత్తటి రకం, రసం మోచేతిదాకా కారే రకం. కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ, ఇది మన పెరట్లో ఉంటే ఎంత బాగుండునో అన్నారు. అంతే అన్నారు. ఆయన ఆ రకం మొక్కని ఊటీ నుంచే తెప్పించారు. బేరి ఒంటరిగా సరిగ్గా కాయదు, పక్కన వేరే రకం తోడుండాలి. అందుకని పంజాబు వైపు ఎండలు ఓర్చుకునే గట్టిరకం ఒకటి తెప్పించారు... కొరికితే పన్ను కదిలేంత గట్టి. మెత్తరకం గోడ వైపు, గట్టిరకం గిన్నెలు కడిగే చప్టా వైపు.

రెండూ ఎదిగాయి. నిగనిగలాడే ఆకు వేశాయి. ఏటా ఆకే.

పూత లేదు.

ఆవిడ పూత చూడకుండానే పోయారు. పోయేముందు కోడలి చెయ్యి పట్టుకుని చెట్లు జాగ్రత్త అన్నారు. మామగారి మాట ఎత్తలేదు. చెట్లంటే ఆయనేనని ఆ ఇంట్లో అందరికీ తెలుసు. తొలికాయ వస్తే ఆవిడ తద్దినం నాడు విస్తట్లో పెట్టాలని ఆయన కోరిక. ఆ కోరిక ఆయన ఎవరికీ చెప్పలేదు, కానీ ఏటా శ్రావణంలో తద్దినం రోజున విస్తట్లో పళ్లు సర్దుతూ ఒక పక్కన కాస్త చోటు ఖాళీగా వదిలేవారు. కిరణ్మయి చూసేది. చూసి చూడనట్టు పులిహోర వడ్డించేది.

తర్వాత ఒక వానాకాలం ఆయన నాచు మీద జారిపడ్డారు. తుంటి విరిగింది. అతికింది గానీ పెరటి మెట్లు దిగే కాలు మాత్రం తిరిగి రాలేదు. చెట్లు పూర్తిగా ఆమె చేతిలోకి వచ్చాయి.

నీ చెయ్యి మంచిదమ్మా అన్నారాయన.

పనిమనిషి నర్సమ్మ చేత నాలుగు రోజులు నీళ్లు పెట్టిస్తే ఆకు పండిందట. కోడలు పెడితే నిగనిగలాడిందట. నీ చెయ్యి మంచిది... నీ చెయ్యి మంచిది... వచ్చినవాళ్లందరికీ అదే చెప్పేవారు. తిట్టే మామగారైతే ఎదురు తిరగవచ్చు. సాధించే మొగుడైతే పుట్టింటికి పోవచ్చు. మెచ్చుకునేవాళ్లని ఏం చేస్తాం? ఎటు తిరిగినా మెప్పే. ఎటు తిరిగినా గోడే.

మేడ మీద బట్టలు ఆరేసేటప్పుడు ఆమెకి గుండ్రటి అద్దాల మేడ కనిపించేది. కళ్లముందే లేచింది అది. మొదట బండలు పేల్చారు. ఇల్లు అదిరేది, అటక మీద ఇత్తడి గిన్నెలు గలగలమనేవి. తర్వాత ఇనుము లేచింది, తర్వాత అద్దం. సాయంత్రం ఎండ దాని మీద పడి తిరిగొచ్చి ఆమె ఆరేసిన చీరల మీద పడేది.

ఆమె అమీర్‌పేటలో కంప్యూటర్ నేర్చుకుంది. అత్తగారున్న రోజుల్లో, సిటీబస్సులో వేలాడుతూ వెళ్లి మరీ నేర్చుకుంది. రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ తేదీ తెలియక తికమకపడతాయట. వాటిని సరిచెయ్యడానికి మనుషులు కావాలట. ఆ మేడలో ఒక కంపెనీవాళ్లు పరీక్ష పెట్టారు. కార్తీకంలో వెళ్లి రాసింది. ఎంపికైంది. మాఘంలో వచ్చి చేరమన్నారు. పొద్దున్నే నీళ్లు పెట్టే వేళకే వాళ్ల బస్సు రోడ్డు మలుపులోకి వస్తుంది.

ఎవరూ వద్దనలేదు. అదే వచ్చిన చిక్కు.

చేరు, నాకేం అభ్యంతరం అన్నాడు భర్త ఉదయ్ భాస్కర్. పొద్దున్నే కోఠీలో బ్యాంకుకి వెళ్లి చీకటిపడ్డాక ఇల్లు చేరే మనిషి. చేరు, కానీ చెట్లు... అన్నాడు. చేరమ్మా, శుభం అన్నారు మామగారు. అని, కాసేపు పై కప్పు వైపు చూసి, చెట్ల సంగతి ఏదో ఒకటి ఆలోచిద్దాంలే అన్నారు. ఆ 'లే' దగ్గర ఆయన గొంతు సన్నబడింది.

చేరు, కానీ.

చేరమ్మా, కానీ.

ఆ ఇంట్లో తలుపులన్నీ తెరిచే ఉన్నాయి. ప్రతి తలుపు ముందూ ఒక చెట్టు నిలబడి ఉంది.

బట్టలు ఆరేస్తూ ఉండగా వచ్చిందా ఆలోచన. చేతిలో తడి దుప్పటి అలాగే ఉండిపోయింది.

చెట్లు లేకపోతే?

గొడ్డలి పట్టే ధైర్యం ఆమెకి లేదు. పైపు పక్కకి తిప్పే ధైర్యం ఉంది.

మర్నాడు పొద్దున్న పైపు మూతిని పాదులోంచి తీసి చప్టా మీద పెట్టింది. నీళ్లు సిమెంటు మీద పడి, చెదిరి, కాలవలోకి పోయాయి. చప్పుడు మాత్రం ఉంది.

"ఏమ్మా, రెండో చెట్టుకి పెట్టావా?"

పెట్టానండీ.

అలా మొదలైంది. కార్తీకం పోయింది, మార్గశిరం పోయింది. పాదులో మట్టి తెల్లబడింది, తర్వాత నెర్రెలు విచ్చింది. ఆకుల అంచులు నల్లబడ్డాయి. పండాయి, రాలాయి. రాలిన ఆకుల్ని ఊడ్చి పెరట్లో నీళ్లు కాచే పొయ్యిలో వేసేది. ఆ ఆకుల మంట మీదే మామగారి స్నానానికి నీళ్లు కాగేవి. వేణ్ణీళ్లు హాయిగా ఉన్నాయమ్మా అనేవారాయన. ఆమె తువ్వాలు అందించి అవతలికి వచ్చేసేది.

ఆదివారాలు ఉదయ్ ఇంట్లోనే ఉండేవాడు. పెరట్లోకి వచ్చి పళ్లు తోముకుని వెళ్లేవాడు. పాపం, అతను చెట్టుని తలెత్తి చూసిన రోజు ఒక్కటీ లేదు.

చూసింది నర్సమ్మే. చీపురు పట్టుకుని చాలాసేపు చెట్టు కింద నిలబడింది.

"చెట్టు ఎండుతున్నదమ్మా. నువ్వేమో నీళ్లు చప్టా మీద ఇడుస్తున్నవ్. పెద్దసారుకు ఎరుకేనా?"

కిరణ్మయి వరండా వైపు చూసింది. నర్సమ్మ ఆమె మొహం చూసింది. ఏం కనిపించిందో ఏమో, ఇగ నాకెందుకమ్మా, నేనేం జూడలే అంటూ గిన్నెల ముందు కూర్చుంది.

పుష్యమాసానికి రెండు చెట్లూ మోడులైపోయాయి. వాటి కొమ్మల్లోంచి ఇప్పుడు అద్దాల మేడ పెరట్లోకే కనిపిస్తోంది.

ఒక్కోరోజు ఆమె గోడ వైపు చెట్టు దగ్గరికి వెళ్లి గోటితో బెరడు గీకి చూసేది. లోపల పచ్చగా ఉండేది. చావదేం అనుకునేది. అనుకున్నందుకు ఒళ్లు ఝల్లుమనేది. పచ్చగా ఉన్నందుకు సంతోషమూ కలిగేది, ఆ సంతోషం మీద కోపమూ వచ్చేది. కాళ్లు లేని చెట్టు, దాహమేస్తే ఎక్కడికి పోతుంది... కాళ్లున్న నేను మాత్రం ఎక్కడికి పోయాను... అక్కడే ఆ చెట్టుకి ఆనుకుని ఏడ్చింది. ఏడ్చి, మర్నాడు మళ్లీ పైపు చప్టా మీదే పెట్టింది.

మాఘంలో ఒక తెల్లవారుజామున వాన పడింది. అనుకోని వాన. పెద్ద పెద్ద చినుకులతో ఊరంతా తడిసింది. పాదులు నిండాయి. ఆమె కిటికీ మూసేసి ముసుగు తన్ని పడుకుంది. ఇంకెంత, వచ్చే సోమవారం తర్వాత సోమవారం ఆఫీసు. ఆలోపు మామగారికి చెప్పెయ్యాలి. చెట్లు పోయాయండీ, ఈ ఊరు వాటికి పడలేదండీ... మాటలు కూడబలుక్కుంది. పెరట్లోకి వెళ్లినా తలెత్తి చూడ్డం మానేసింది.

ఆఫీసులో చేరాల్సిన సోమవారానికి ముందటి శుక్రవారం పొద్దున్న నర్సమ్మ పెరట్లోంచి పిలిచింది.

"అమ్మా, జర ఇట్ల రా. చెట్టు పూసింది."

ఆకు లేని కొమ్మ. కొమ్మంతా తెలుపు.

గట్టిరకం కణుపు కణుపునా గుత్తులు విప్పుకుని ఉంది. గోడ వైపు మెత్తరకం ఇంకా మొగ్గల మీద ఉంది, ఉండలు ఉండలుగా, అంచున లేత గులాబీ రంగుతో. ఆరేళ్లుగా పూయని చెట్లు, దాహంతో చావబోయిన చెట్లు... పూశాయి. ఆమె చప్టా మీద కూలబడిపోయింది. ఆ పూలు అంత అందంగా ఉండకపోతే బాగుండుననిపించింది.

ఉదయ్, నర్సమ్మ కలిసి కుర్చీతో సహా పెద్దాయన్ని పెరట్లోకి దించారు. ఆయన పూత చూశారు. చాలాసేపు చూశారు. కళ్లజోడు తీసి పంచె చెంగుతో తుడుచుకుని మళ్లీ చూశారు.

"నీళ్లు ఆపావు కదమ్మా" అన్నారు.

కిరణ్మయి కొమ్మ మీంచి చూపు తిప్పి ఆయన్ని చూసింది.

"మొదటి రోజే తెలిసింది. మట్టిలో పడే నీళ్ల చప్పుడు వేరు, సిమెంటు మీద పడే నీళ్ల చప్పుడు వేరు. ఉద్యోగమంతా తోటల్లో తిరిగినవాణ్ణి, ఆమాత్రం తెలియదా?" ఆయన కోడలి వైపు తిరిగారు. "నాకు చెప్పకుండా ఎందుకు చేశావో కూడా తెలుసు."

ఆమె కళ్లు మూసుకుంది. అయిపోయింది... తెలిసిపోయింది... ఒక్క క్షణం, ఆ ఒక్క క్షణం, చెప్పలేనంత తేలికగా ఉంది ఆమెకి.

"చెబితే నేను ఒప్పుకోనని. అంతేగా? బత్తాయి తోటలకి బెట్ట పెట్టండర్రా, నీళ్లు ఆపి ఎండగట్టండర్రా అని రైతులకి చెప్పి చెప్పి నా నోరు అరిగింది. ప్రాణం మీదికొస్తే గానీ చెట్టు పూతకి రాదని చెప్పింది నేనే. సొంత చెట్టు దగ్గరికొచ్చేసరికి చెయ్యి రాలేదమ్మా. నువ్వు చేశావు. అందుకే రోజూ వింటూ కూడా నోరు మెదపలేదు. రెండో చెట్టుకి పెట్టావా అని అడుగుతూనే ఉన్నాను."

ఆయన ఏడుస్తున్నారు. మీ అత్తయ్య చూస్తే ఎంత మురిసిపోయేదో అంటున్నారు. ఆమె నోటిదాకా వచ్చింది. చంపుదామనుకున్నానండీ. పూయించడానికి కాదండీ, చంపడానికి... ఆ మాట నాలుక మీదే ఉంది. ఆయన కళ్లు చూస్తే అది గొంతులోకి జారిపోయింది.

ఇక ఆయన పాత ఆఫీసరు అయిపోయారు. మెత్తరకం మొగ్గలు సోమవారానికి విచ్చుకుంటాయన్నారు. ఈ కట్టడాల దుమ్ములో తేనెటీగలు రావు, కాబట్టి గట్టిదాని పుప్పొడి దూదితో తీసి మెత్తదాని పూలకి చేత్తో అద్దాలన్నారు. పొద్దున్నే అద్దాలి, ఎండెక్కితే లాభం లేదు. తన చెయ్యి వణుకుతుంది. నర్సమ్మ చేతికి రాలిపోతాయి. ఆపైన పూత నిలవాలంటే నీళ్లు ఒక్క పూట కూడా తప్పకూడదు. బెట్ట కాలం అయిపోయింది. ఇప్పుడు నీళ్లు తప్పితే పూతంతా నేలపాలే.

సోమవారం.

ఉదయ్ ఆమె వైపు చూశాడు. అతనికి గుర్తుంది. గుర్తుంది కాబట్టే మెల్లిగా, ప్రేమగా అన్నాడు.

"ఆఫీసువాళ్లకి సోమవారం బ్యాంకు నుంచి నేను ఫోన్ చేసి చెబుతాలే. వచ్చే బ్యాచ్‌లో చేరుదువుగాని. ఆ మేడ ఎక్కడికి పోతుంది?"

నిజమే. మేడ ఎక్కడికీ పోదు. చెట్టూ ఎక్కడికీ పోదు. ఆమె తలూపింది. తన తల తానే ఊపడం తనకే తెలిసింది.

సోమవారం తెల్లారింది.

మెత్తరకం పూలు చెప్పినట్టే విచ్చుకున్నాయి. స్టూలు వేసి ఉంది. చిన్న గిన్నెలో దూది ఉంది. ఒక చేత్తో పైపు పట్టుకుని ఆమె మొదటి చెట్టు పాదులో నీళ్లు పెడుతోంది. మెత్తగా, గుడగుడమంటూ, మట్టి తాగుతున్న చప్పుడు. ముందు వరండాలో పడకకుర్చీ కిర్రుమంది. వింటున్నారు.

రోడ్డు మలుపులో ఆఫీసు బస్సు హారను మోగింది. ఆగింది. మళ్లీ మోగింది.

మొదటి పాదు నిండింది.

ఆమె రెండో చెట్టు వైపు అడుగు వేసింది. నిలబడిపోయింది. తలెత్తి పూలని చూసింది. వాటి మీద ఆమెకి కోపం లేదు. ఎవరి మీదా కోపం లేదు. మాట పెగలని గొంతు ఒకటి ఉంది, చేతిలో పైపు ఉంది.

పైపు తీసుకెళ్లి చప్టా మీద పెట్టింది.

సిమెంటు మీద నీళ్లు. పెళపెళమంటూ, చెదురుతూ, ఇల్లంతా దాటి ముందు వరండాదాకా వినిపించేలా.

"ఏమ్మా, రెండో..."

ఆ ప్రశ్న అక్కడే ఆగిపోయింది.

ఆమె జవాబు చెప్పలేదు. పైపూ తియ్యలేదు. మలుపులో బస్సు ఇంకా కదల్లేదు.

నీళ్ల చప్పుడు...