బూటులో వేలెడు జాగా

"కాలు తొయ్యవే, ఇంకాస్త గట్టిగా" అంటూ ఆమె గుమ్మంలో గొంతుక్కూర్చుని, కూతురి మడమ వెనక తన చూపుడువేలు దూర్చింది. వేలు నలిగింది, బూటు ఎక్కింది. హమ్మయ్య అనుకుంది. దేనికి హమ్మయ్య అనుకున్నదీ మరుక్షణమే తనకు అర్థమై ముఖం తిప్పుకుంది.

"నొక్కుతోందా?"

"లేదమ్మా."

"నిజంగా?"

"నొప్పి లేదు. బాగున్నాయి."

ఇంకోసారి అడిగితే జవాబు మారుతుందేమోనని భయం. గబగబా లేసులు బిగించి, పిల్ల వీపుకు సంచీ తగిలించి, "పద పద, టైమైంది" అంది.

పిల్లకు ఆరేళ్లు. ఒక్కచోట కాలు నిలవని మనిషి కాబట్టి నానమ్మ పిట్ట అని పిలిచింది, అదే ఖాయమైంది. ఈమధ్య పిట్ట గెంతడం మానేసింది. బడికి వెళ్లే దారిలో ప్రతి గోడనూ చేత్తో ముట్టుకుంటూ, ఆచితూచి నడుస్తోంది. "ఏంటే ఆ నడక, ముసలమ్మలా?" అంటే "ఆటమ్మా, నానమ్మ ఆట" అంటుంది. ఆమె నవ్వుతుంది. ఆట అని నమ్మేస్తే ఆ పూటకి గడిచిపోతుంది.

ఆ బూట్లు ఆ ఇంట్లో మామూలు వస్తువు కాదు. మెత్తటి తోలు, లోపల పాదం వంపుకు తగ్గ అట్ట, పిల్ల కాలు కొలిచి మరీ ఇచ్చినవి. వాటిని కొన్న రోజున ఇంట్లో చిన్న యుద్ధమే జరిగింది. భర్త ఒక బూటు చేతిలోకి తీసుకుని, తిప్పి, అడుగు చూసి, "దీనికేమన్నా ఇంజను బిగించారా? తొడిగితే అదే నడుస్తుందా?" అన్నాడు. అత్తగారు టీవీ మీంచి కళ్లు తీయకుండానే, "నేను ముగ్గుర్ని కన్నానమ్మాయ్. ఒక్కడికీ కాలు కొలిపించిన పాపాన పోలేదు. ముగ్గురికీ కాళ్లున్నాయి, చూసుకో" అంది. సెలవు రోజుల్లో కూడా డ్యూటీ చేసి తెచ్చిన డబ్బుతో కొన్నానని ఆమె గొణిగింది. ఇంట్లో ఆడదాని జీతానికి ఒక వింత గుణం ఉంటుంది. వచ్చేటప్పుడు అది అందరిదీ, ఖర్చయ్యేటప్పుడు మాత్రం ఆమెది. అంతకు వారం ముందే ఆయన కొత్త ఫోను కొనుక్కున్నాడు. పాతది బాగానే పనిచేస్తోందిగా అని ఎవరూ అడగలేదు. అడగాలన్న ఆలోచన ఆమెకు కూడా రాలేదు. ఆ సంగతి తల్చుకుంటే ఇప్పుడు ఒళ్లు మండుతుంది.

నిజానికి ఆమె ఆ షాపులోకి ఊరికే చూద్దామని వెళ్లింది. చిన్నప్పుడు తను తొడుక్కున్నవన్నీ అక్క వదిలేసిన బూట్లే. పెద్దవైతే ముందు గుడ్డపేలికలు కుక్కేవాళ్లు, చిన్నవైతే ఏడవకుండా తొడుక్కోమనేవాళ్లు. కాళ్లు చెప్పింది వినడం నేర్చుకున్నాయి. ఇప్పటికీ ఆమె రెండో వేలు బొటనవేలి మీదికెక్కి కూర్చుని ఉంటుంది, బస్సులో సీటు దొరకని మనిషిలా. షాపులో ఒక బట్టతలాయన వచ్చి, పిట్ట ముందు మోకాళ్ల మీద కూర్చుని, చల్లటి ఇనుప పలక మీద ఆ చిన్న పాదం పెట్టించాడు. పిట్ట చక్కిలిగింతలకు కిలకిలా నవ్వింది. అయినా ఆయన విసుక్కోకుండా, అదేదో పెద్ద వ్యవహారమన్నట్టు, ఒక కాలు చూసి మళ్లీ రెండో కాలు చూశాడు. బెంచీ కింద తన పాదాల్ని దాచుకుంటూ ఆమె ఆ దృశ్యాన్నే చూసింది. తమ ఇంటి ఆడపిల్ల కాలికి ఏం కావాలా అని ఒక మగవాడు కిందికి వంగి చూడటం ఆమె ఎరగదు. వాడు అమ్ముకునేవాడే, వాడి పని వాడు చేసుకుంటున్నాడని తెలుసు. తెలిసినా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ నీళ్లతోనే డబ్బు కట్టేసింది.

"ఇదిగోమ్మా, ఇక్కడ ముందు వేలెడు జాగా ఉండాలి" అని ఆయన బూటు కొస నొక్కి చూపించాడు. "ఈ జాగా పోయిందంటే, పైకి ఎంత కొత్తగా కనపడ్డా బూటు పనైపోయినట్టే. అప్పుడప్పుడూ పిల్లను తీసుకురండి. ఊరికే కొలిచి చెబుతాం."

ఆ మాట ఇంట్లో చెప్పి ఉంటే సరిపోయేది. చెప్పలేదు. భర్తా అత్తగారూ కలిసి ఎక్కడపడితే అక్కడ పొడుస్తుంటే రోషం వచ్చి, "రెండేళ్లు వస్తాయి! చూస్తూ ఉండండి, రెండేళ్లు వేసుకుంటుంది" అని అరిచింది. భర్త నవ్వి, "సరే, చూద్దాం. చూద్దాం" అన్నాడు. పిట్ట అక్కడే, కొత్త బూట్లు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. అమ్మ ముఖం వైపూ నాన్న ముఖం వైపూ చూసింది. ఏడాది తిరక్కుండానే ఆ వేలెడు జాగా పోయింది.

అది పోయిందని ఆమెకు తెలుసు. తెలియదనుకుంటే పొరపాటు. మేజోళ్లు ఉతికేటప్పుడు కొసన చిన్న గోధుమరంగు మరక కనిపించింది. మట్టి అనుకుని రుద్దింది, ఇట్టే పోయింది. మట్టి అంత తొందరగా పోదు. రక్తం చన్నీళ్లకు పోతుందని ఆడదానికి ఒకరు చెప్పాలా? అయినా రుద్ది, పిండి, ఆరేసింది. బడి నుంచి వచ్చే దారిలో బూట్ల షాపు ఉంది. బట్టతలాయన ఒక్కోసారి గుమ్మంలో నిలబడి ఉంటాడు, పలకరిస్తాడేమో, కొలుద్దాం రమ్మంటాడేమో. అందుకని వెనక సందులోంచి తిప్పి తీసుకురావడం మొదలుపెట్టింది. "షాపు దారిలో ఎందుకెళ్లట్లేదమ్మా?" అని పిట్ట అడిగితే "అటు రోడ్డు తవ్వేశారే" అంది. సందు దారి దూరం. ఆ దూరమంతా పిల్ల ఆ బూట్లతోనే నడవాలి. ఈ లెక్క కూడా ఆమెకు తెలుసు. తెలిసి, దాని పక్కనుంచే రోజూ నడిచింది.

ఆమె పని పెద్ద సరుకుల దుకాణంలో బిల్లింగు కౌంటరు దగ్గర. స్టూలు ఉంటుంది, కూర్చోకూడదు. కూర్చుంటే బద్ధకంగా కనపడుతుందట. ఆరోజు మధ్యాహ్నం రద్దీలో ఒక కాలికి కాసేపు విశ్రాంతి ఇద్దామని బరువంతా రెండో కాలి మీద వేసింది. సూపర్‌వైజరు వెనకనుంచి వచ్చి, "ఏంటి మేడమ్, ఒంటికాలి మీద? చేపల కోసమా?" అన్నాడు. వరసలో ఉన్న జనం నవ్వారు. "ఏం లేదు సార్, బాగానే ఉన్నాను" అని ఆమె కూడా నవ్వింది. ఆ మాట ఆమె నోట్లో ఎప్పుడూ తయారుగానే ఉంటుంది. జ్వరంలో వంట చేస్తున్నా అదే, భర్త నలుగురిలో మాట తూలినా అదే.

పక్క కౌంటరు ఆమెకు దుకాణమంతా పెట్టిన పేరు వాగుడుకాయ. సరుకు సంచీలో వేస్తూనే అడిగింది. "మీ అమ్మాయి బూట్లెలా ఉన్నాయక్కా? ఇంకా వస్తున్నాయా?"

"బాగున్నాయి."

"నాకైతే ఆ గోలే లేదు. మావాడికి రోడ్డు మీద గుట్టగా పోసి అమ్మేవే కొంటాను. నెల తిరక్కుండా నోరు తెరుస్తాయి. వాడు నొప్పంటే చాలు, తీసి అవతల పారేస్తాను. పోతే పోయాయి. అంతంత పోసి కొంటే పారేయడానికి మనసొప్పుద్దా? నాకైతే ఒప్పదు తల్లీ."

వాగుడుకాయ ఏదో ఊసుపోక అన్న మాట అది. ఆమెకు మాత్రం వేలు తలుపు సందులో పడ్డట్టయింది. ఏది మంచి కొనుగోలు? మంచి బూట్లు కొని పిల్ల నోరు నొక్కిన తల్లిదా, చచ్చు బూట్లు కొని పిల్ల మాట విన్న తల్లిదా? ఇద్దరి పిల్లల కాళ్లూ తర్వాత ఎలా తయారవుతాయో తనకు తెలియదు. ఆ బట్టతలాయన చెప్పినదాంట్లో నిజమెంతో, వ్యాపారమెంతో కూడా తెలియదు. తెలిసిందల్లా ఒకటే. వాగుడుకాయ కొడుకు నొప్పి అని అరుస్తాడు.

ఇంటికి రాగానే పొయ్యి వెలిగించలేదు. పిట్టకు తువ్వాలు చుట్టి స్నానాల గదిలో పీట మీద కూర్చోబెట్టి, వద్దంటున్నా రెండు కాళ్లూ ఒళ్లోకి తీసుకుంది. బొటనవేలి గోరు నల్లబడింది. చిటికెనవేలి పక్కన తోలు ఊడి, ఎండి, మళ్లీ ఊడింది. ఇది నిన్నామొన్నటిది కాదు.

"ఎన్నాళ్ల నుంచే ఇలా?"

పిట్ట కాళ్లు వెనక్కి లాక్కోబోయింది.

"నేను అడిగినప్పుడల్లా లేదన్నావేంటే?"

"నిజంగానే లేదమ్మా" అంది పిట్ట. గొంతు తగ్గించి, రహస్యం చెప్పేదానిలా దగ్గరికి జరిగింది. "లోపల వేళ్లు ముడుచుకోవాలి. ఇదిగో, ఇలా. గుప్పిట్లాగా. అప్పుడు నడిచినా ఏం కాదు. పరిగెడితేనే నొప్పి. పరిగెత్తకపోతే సరి." తల్లి పాదం వంక చూసి, జాలిగా అంది. "నీక్కూడా కాళ్లు నొప్పులుగా. నీకూ నేర్పిస్తా, వేళ్లు ముడుచుకో."

తడి నేల మీద కూర్చుండిపోయింది ఆమె. ఎవరో లాగి కొట్టినా ఇంత నొప్పి ఉండదు. అక్క బూట్లు తొడుక్కోమని చెప్పిన అమ్మ కనీసం బలవంతంగా తొడిగింది. తను బలవంతం కూడా చేయలేదు. ప్రేమగా అడిగి, కావలసిన జవాబు వచ్చేదాకా పిల్ల ముఖంలోకి చూసి, వచ్చాక లేసు బిగించింది. ఆయన ముందు ఒక్క మాట నెగ్గడం కోసం, ఆ నెగ్గడాన్ని రోజూ ఈ రెండు పాదాల మీద మోయించింది.

బూట్లు చేతబట్టుకుని హాల్లోకి వెళ్లింది. ఆయన సోఫాలో ఫోను చూసుకుంటున్నాడు, అత్తగారు టీవీ ముందు.

"ఏమండీ, పిట్టకు ఈ బూట్లు..."

ఆ మాట పూర్తవలేదు. తువ్వాలు చుట్టుకున్న పిట్ట వెనకనుంచి పరిగెత్తుకొచ్చి, బూట్లు లాక్కుని, కింద కూలబడి తొడిగేసుకుంది. పళ్లు బిగించి రెండో మడమ కూడా దూర్చింది. లేచి, హాల్లో ఈ గోడ నుంచి ఆ గోడకు నడిచింది. నవ్వుతూ నడిచింది. "చూడు నాన్నా, సరిపోయాయి! అమ్మ చెప్పిందిగా, రెండేళ్లు వస్తాయని!"

ఆయన ఫోను మీంచి తలెత్తి, "ఏంటి, నొక్కుతున్నాయా తల్లీ?" అన్నాడు.

"లేదు నాన్నా. నొప్పి లేదు. బాగున్నాయి."

"లేదంటోందిగా మరి" అని ఆమె వైపు చూసి, మళ్లీ ఫోనులోకి వెళ్లిపోయాడు. "ఇంకేంటి గొడవ?"

ఒక్క క్షణం ఆమెకు అదే దారి అనిపించింది. పందెం నెగ్గింది. నోరు మూసుకుంటే ఇంకొన్నాళ్లు నెగ్గుతూనే ఉండొచ్చు. హాలు మధ్యలో కూతురు నిలబడి తనవైపే చూస్తోంది, బాగా చేశానా అన్నట్టు. పెదవి మీద చెమట.

ఆమె వెళ్లి కూతురి ముందు మోకాళ్ల మీద కూర్చుని లేసులు విప్పింది.

"అది అబద్ధమాడుతోంది" అంది ఆయనతో. "గోరు నల్లబడిపోయింది, వచ్చి చూడండి. నాకు ముందే తెలుసు. మీరు నవ్వుతారని దాచాను."

"చెప్పానా లేదా?" ఆయన లేచి కూర్చున్నాడు. ముఖం వెలిగిపోయింది. "ఆరోజే చెప్పానా లేదా? అమ్మా, విన్నావా? రెండేళ్లట!"

"నేనూ చెప్పాను" అంది అత్తగారు.

"ఇద్దరూ చెప్పారు. మీ మాటే నెగ్గింది" అంది ఆమె. "కానీ నొప్పుందా అని అడిగితే అది లేదంటుంది. ఆ మాట నా దగ్గర నేర్చుకుంది. ఇకనుంచి మా ఇద్దరిలో ఎవరన్నా నమ్మకండి. వంగి, కాలు చూడండి."

ఆయన నవ్వు సగంలో ఆగింది. ఏదో అనబోయి, "ఇప్పుడేమంటావ్? మళ్లీ అంత పోసి కొంటావా?" అన్నాడు.

"ఖరీదైనవో, చవకవో, దాని కాలికి పట్టేవి కొంటాను. చిన్నవైన రోజున తీసి పారేయడానికి నాకు మనసొప్పేవి. పొయ్యి వెలిగించలేదు, మీరు చూసుకోండి."

పిల్లకు గౌను వేసి, పాత రబ్బరు చెప్పులు తొడిగి, చేయి పట్టుకుని బయటికి నడిచింది. వీధి దీపాలు అప్పుడే వెలుగుతున్నాయి. సందు వైపు తిరగలేదు, తిన్నగా పెద్ద దారిలోకి వచ్చారు. ఎక్కడా రోడ్డు తవ్వి లేదు. పిట్ట ఆ సంగతి చూసింది కానీ అడగలేదు. ఆ అడగకపోవడం కూడా ఆమెకు గుచ్చుకుంది.

"అమ్మా, నాన్న ఇంకా నవ్వుతాడా?"

"నవ్వితే నవ్వనీ."

కాసేపు నడిచాక పిట్ట మళ్లీ అడిగింది. "షాపులో ఆయన నొక్కుతోందా అని అడుగుతాడుగా. ఏం చెప్పాలి?"

"నొక్కితే నొక్కుతోందని చెప్పు. ఎక్కడో కూడా చెప్పు."

"చెబితే?"

ఏం కాదమ్మా అనబోయింది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. పిల్ల తలెత్తి, ఆ జవాబు కోసమే చూస్తోంది.

"గొడవవుతుంది" అంది ఆమె. "అయినా చెప్పు."