అమ్మ పెట్టిన పిన్నీసు

అమ్మ పోయిన మర్నాడు, అమ్మ పెట్టిన పిన్నీసు కూడా పోయింది. ఆ సంగతి చెప్పడానికి చెల్లెలు ధ్రువ సముద్రంలో ఉన్న ఓడ మీద నుంచి ఫోన్ చేసింది. అక్కడి మాట కాస్త ఆలస్యంగా చేరుతుంది. అందుకని ఆమె ఏడుపూ నా ఓదార్పూ ఒకదాని మీదొకటి పడ్డాయి.

"ఎక్కడ పోయింది?"

"తెలిస్తే పోయిందని ఎందుకంటానక్కా?"

నిజమే. బళ్లో పిల్లల్ని కూడా నేనిలాగే అడుగుతాను.

చెల్లెలు పోస్ట్‌డాక్. అమ్మ దాన్ని "చదువైపోయాక కూడా చదువుకునే ఉద్యోగం" అనేది. ధ్రువ సముద్రపు నీళ్లలో ఇనుము ఎంతుందో కొలవడం ఆమె పని. ఈత కొలను నిండా ఆ నీళ్లు పోస్తే, అందులో ఇనుము గుండుసూది తలకాయంత ఉంటుందట. కంటికి కనిపించని నాచు ఆ కాస్త ఇనుముతోనే బతకాలి. అందుకే నీళ్లు పట్టే గదిలో గోడలకు ప్లాస్టిక్, మనుషులకు ప్లాస్టిక్. ఉంగరం, గొలుసు, గడియారం అన్నీ గుమ్మం బయటే.

బయల్దేరే ముందు ఇదంతా అమ్మకు చెప్పింది. ఆమె ఉన్ని చొక్కాలు మడత పెడుతూ అమ్మ శ్రద్ధగానే విన్నది. విని, చొక్కా మెడ వెనక లోపలివైపు పిన్నీసు గుచ్చింది. ఇంట్లోంచి ఎవరు ఊరెళ్లినా అలా గుచ్చి పంపడం అమ్మకు అలవాటు.

"అమ్మా, ఇనుము రాకూడదని ఇప్పుడేగా చెప్పాను!"

"ఇనుమెక్కడే? ఇది పిన్నీసు."

"పిన్నీసు దేంతో చేస్తారు?"

"దేంతో చేస్తే నాకెందుకు, కొట్లో కొన్నాను. గుండీ ఊడితే నీ సముద్రం వచ్చి కుడుతుందా?"

డాక్టరేటు ఉన్న చెల్లెలు ఓడిపోయింది. ఉన్ని చొక్కాలు ఒకేలాంటివి రెండున్నాయి. పిన్నీసు ఒక్కదానికే. నీళ్లు పట్టే రోజు అది వేసుకోకపోతే సరిపోతుందిలే అనుకుంది.

అమ్మ వార్త చేరిన మర్నాడు ఆమెకు నీళ్లు పట్టే వంతు వచ్చింది. ఒక మనిషి కోసం ఓడ వెనక్కి తిరగదు. కావాలనే పిన్నీసు చొక్కా తొడుక్కుని, దాని మీద ప్లాస్టిక్ సూటు వేసుకుంది. పని ముగించి మెడ వెనక తడుముకుంటే పిన్నీసు లేదు. నేల, బూట్లు, చేతులు కడిగే తొట్టి, అన్నీ వెతికింది. నాకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

ఓడ దిగాక బట్టల సంచీ నా ఇంట్లో పడేసి ల్యాబుకు పరుగెత్తింది. నీళ్ల లెక్క తేలడానికి నెలలు పట్టింది. ఒక సాయంత్రం ఫోన్ చేసింది.

"అక్కా, అమ్మ దొరికింది."

"అవేం మాటలే?"

"ఆ రోజు పట్టిన నీళ్లలో ఇనుము పదిరెట్లు ఉంది. మా ల్యాబు పెద్దాయన గంతులేస్తున్నాడు. మంచు కింద నుంచి కొత్త ఇనుప ధారేదో వస్తోందంటాడు. దాన్ని చూపించి నాకింకో రెండేళ్లు ఉద్యోగం ఇప్పిస్తాడట. అది మన పిన్నీసక్కా!"

నాకు నవ్వొచ్చింది. అమ్మ పోయాక అదే మొదటి నవ్వు. దాన్ని ఏం చేసుకోవాలో తెలియక కాసేపు వంటింట్లోకి వెళ్లి నిలబడ్డాను.

"అమ్మ ఉంటే ఏమనేదంటావు?" అంది.

"'చూశావా, పనికొచ్చిందిగా' అనేది."

"చెప్పకపోతే ఉద్యోగం ఉంటుంది. చెబితే ఊడుతుంది."

"మరి ఆ ధార కోసం మళ్లీ వెళ్తారా?"

"వచ్చే ఏడు. ఓడ నిండా జనం."

"అంతమందీ కలిసి అమ్మ పిన్నీసు వెతుకుతారన్నమాట."

"ఉంటానక్కా" అన్న మాట అటు నుంచి ఆలస్యంగా వచ్చింది. ఈసారి ఆలస్యం సముద్రానిది కాదు.

మర్నాడు వెళ్లి చెప్పేసింది. పెద్దాయన కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని ఆ అంకెను కొట్టేశాడట. "తుఫాన్లు చూశాను, ఓడ మంచులో ఇరుక్కోవడం చూశాను. పిన్నీసు ముంచడం ఇప్పుడే చూస్తున్నాను" అన్నాడట. ఉద్యోగం మాట ఎత్తలేదు. ఎత్తకపోవడమే జవాబు.

ఆ ఆదివారం చెల్లెలు వచ్చి గోడవైపు తిరిగి పడుకుంది. మూలనున్న సంచీ కంపు కొడుతోంది. అమ్మ బీరువాను ముట్టుకోనట్టే దాన్నీ అన్నాళ్లు ముట్టుకోలేదు. ఇక భరించలేక ఉతుకుదామని విప్పాను. అడుగున ఉన్ని చొక్కా ఉంది, చెమటా డీజిలూ కలిసిన వాసనతో. మెడ వెనక వేలికి ఏదో తగిలింది.

పిన్నీసు. పెట్టింది పెట్టినట్టే ఉంది. తుప్పు మరక కూడా లేదు.

"ఏమే ఉప్పుకల్లూ, లే!" అమ్మ చెల్లెల్ని అలాగే పిలిచేది. "ఆ రోజు ఏ చొక్కా తొడుక్కున్నావు?"

"పిన్నీసుదే."

"చూసి తొడుక్కున్నావా?"

"ఏడుస్తూ తొడుక్కున్నాను. రెండూ ఒకేలా ఉంటాయిగా."

చొక్కా ఆమె ఒళ్లో పడేశాను. "చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టుంది నీ పరిశోధన! ఓడంతా వెతికావు, నీ సంచీ వెతకలేదు."

"ఒంటి మీదుందని అనుకున్నదాన్ని సంచీలో ఎందుకు వెతుకుతానక్కా?" అని, లేచి కూర్చుంది. "అంటే ఆ ఇనుము..."

"సముద్రానిదే. అమ్మకు ఏ పాపం తెలీదు."

వెంటనే పెద్దాయనకు ఫోన్ చేసింది. ఆయన గొంతు నాకూ వినబడుతోంది.

"అమ్మాయ్, మొన్న పిన్నీసు ఉందన్నావు, ఇవాళ లేదంటున్నావు. వచ్చే వారం గొడ్డలి ఉందంటావా?"

"లేదు సార్, మా ఇంట్లో గొడ్డలి లేదు."

ఆయన నవ్వాడు. దాచిన సీసాల్లో నీళ్లు మరోసారి కొలిపించాడు. ఇనుము అంతే ఉంది. కొట్టేసిన అంకె తిరిగి వచ్చింది, దాంతోపాటు రెండేళ్ల ఉద్యోగమూ వచ్చింది. వచ్చే ఏడు చెల్లెలు మళ్లీ ఓడెక్కుతుంది.

చొక్కా మాత్రం నా దగ్గరే ఉంది. పిన్నీసు తీస్తే గానీ ఉతకడానికి లేదు, తడిస్తే తుప్పు పడుతుంది. తీసేది నువ్వంటే నువ్వని ఇద్దరం వాదించుకున్నాం. అది అమ్మ చేత్తో నొక్కి పెట్టింది.

చొక్కా ఇంకా ఉతకలేదు.